ఆసు పోసిన చెయ్యి

"ఏలె అండాలు ఎవరు?"
నేనే.
మెట్టెలు తీసి పెట్టుమన్నరు.
పుస్తెలు, పిన్నీసు, కొప్పుల క్లిప్పు,
జాకిటి హుక్కులు సుత ఇనుమేనంట.
గింత ఒలిచినంక
వాళ్ళు లోపలికి సూదులు తెస్తరు!
"ఇవి వెండివి పెద్దమ్మా, అయస్కాంతం గుంజది"
అన్నడు మిషిన్ కాడి పిలగాడు వాహిద్.
మరి నా మెట్టెలు ఏందివి నాయినా, అంటే
కాయిదం మీద అట్లనే రాసుందన్నడు.

భుజం లేవదు. కొప్పు పెట్టుకోరాదు.
ఫ్లోరైడ్ అనుకుండ్రు మొదలు.
మా దిక్కు ఏ కీలు నొచ్చినా
తప్పు నీళ్ళ మీదికే పోతది.
నల్లగొండల ఎక్స్‌రే తీసి కాదన్నరు.
"ఏం పని చేసినవమ్మా?"
ఆసు పోసిన.
డాక్టరమ్మ కలం ఆగింది. ఆసంటే?

ఎట్ల చెప్పాలె.
నడుమ ఒక మేకు, ఎదురుంగ
సగం చందమామ లెక్క మేకులు.
పోగు పట్టుకొని చెయ్యి పోవాలె, రావాలె,
పోవాలె, రావాలె.
ఒక్క చీరెకు తొమ్మిది వేల సార్లని
సంఘం మీటింగుల ఎవరో అన్నరు.
నేను లెక్కపెట్టలే. పెడ్తే పోగు తప్పుతది.
ముప్పై యేండ్లు.
తర్వాత పుట్టపాకకు మిషిన్లొచ్చినయి. చెయ్యి ఆగింది.
మిషిన్ వచ్చిందని
నొప్పికి మాత్రం ఎవరూ చెప్పలే.

సొరంగంల పండవెట్టిండ్రు.
చెవులల్ల దూది, అయినా మోత.
టకటకటక, ఆగి, డుగడుగడుగ,
సగం ఊరు మగ్గాలు ఒక్కపారి నేసినట్టు.
మంది భయపడతరంట. నాకు నిద్రొచ్చింది.
నొచ్చేది భుజమైతే సూది పిక్కలకు.
ఇదేం ఇచ్చంత్రం అనుకున్న. మల్ల యాదికొచ్చింది,
పడుగుల ఒక కాడ పోగు బిగిస్తే
ముడత ఇంకో కాడ పడతది.
"కదలొద్దు, ఏమీ తల్సుకోవద్దు."
కదలలే.
తల్సుకోవద్దంటే మాత్రం
చెయ్యి పోయింది, వచ్చింది. మేకు. మేకు.

ఆరు వారాలు పోయిన. నాలుగో వారం
కొప్పు పెట్టుకున్న.
ఎనక ఎట్లున్నదో కనపడక
కోడలిని పిలిచి చూపిచ్చిన.

ఆఖరునాడు బొమ్మ చూపెట్టిండ్రు.
గోబిపువ్వు లెక్క ఉన్నది నా తలకాయ.
అక్కడక్కడ ఎరుపు, పసుపు.
అంచులు చెదిరినయి,
చిటికి వదులుగ కడితే రంగు పారినట్టు.
ఎవరు కట్టిండ్రమ్మా దీన్ని, అన్న.
డాక్టరమ్మ నవ్వలే.
తల లోపల గీ రంగులుండయి అన్నది.
నెత్తురు యాడ ఎక్కువ పారిందో లెక్కగట్టి
మాకు కనపడేటందుకు మేమే అద్దుతం.
అట్లనా. మేము సుత అంతే.

మల్ల, చెప్పాల్నా వద్దా అన్నట్టు చెప్పింది.
నీకు పెట్టినయి ఉత్తుత్త సూదులు.
మొన తోలుకు తగిలి ఎనక్కి పోతది, దిగదు.
సంతకంనాడే చదివినం గదా,
కొందరికి అసలుయి, కొందరికి ఇవి అని.
చదివిండ్రు. నేనే అసలు దాంట్ల ఉన్న అనుకున్న.
మరి నొప్పి తగ్గింది గదమ్మా?
తగ్గింది. బొమ్మల సుత అట్లనే కనపడుతుంది.
అయితే నొప్పే ఉత్తుత్తదా?
కాదు, అన్నది జల్ది.
మరేంది, అంటే
"నాకింకా తెల్వదమ్మా" అన్నది.
తెల్వదన్న డాక్టరును
చూసుడు నాకు అదే మొదలు.

మా పనిల బొమ్మ బట్ట మీద పుట్టదు.
పోగు మీదనే కట్టి, ముంచి, ఆరబెడ్తం.
మగ్గం మీద అది కనపడ్తది, అంతే.
నా భుజం మగ్గమేనేమో.
బస్సుల సీటు దొరకలే.
మునుగోడు దాటినంక ఒక గుంతల ఎగిరేసింది.
పైన కడ్డీ పట్టుకున్న.
పట్టుకున్నది కుడిచెయ్యని
నారాయణపురంల దిగేటప్పుడు తెలిసింది.